చెవిపోగు ఉంటేనే చేతికి బీమా సొమ్ము
గేదె చనిపోయిన మొదటి రోజే ముఖ్యం

ఇంటి పాడి పోతే చిన్న రైతుకు నడుం విరిగినట్టే. పాలకేంద్రం నుంచి వచ్చే సొమ్ము ఆ పూటతో ఆగిపోతుంది. గేదె కోసం తెచ్చిన అప్పు వాయిదా మాత్రం ఆగదు. అటువంటి సమయంలో ఆదుకోవలసింది పశుబీమా. అయితే ప్రీమియం కట్టి, పాలసీ కాగితం ట్రంకు పెట్టెలో భద్రంగా దాచుకున్నవారు సైతం తీరా గేదె చనిపోయాక పైసా అందక ఆఫీసుల చుట్టూ తిరగడం పల్లెల్లో కొత్త సంగతి కాదు. గేదె చనిపోయిన రోజు చేయవలసిన నాలుగు పనులు చేయకపోవడమే ఇందుకు తరచు కారణమవుతున్నది.

పథకం పుట్టుక

మన దేశంలో సాధారణ బీమా వ్యాపారాన్ని ప్రభుత్వం 1972లో చట్టం చేసి జాతీయం చేసింది. 1973 జనవరి 1 నుంచి 107 కంపెనీలు నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా మారాయి. ఆ మరుసటి ఏడాది, 1974లో పశువుల బీమా మొదలైంది. 1980 అక్టోబరు 2 నుంచి సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం దేశంలోని అన్ని బ్లాకులకు విస్తరించాక బ్యాంకు అప్పుతో కొన్న పాడిపశువులకు బీమా మామూలు అయింది. చెవికి తగిలించిన బిళ్ల మన పల్లెల్లో ఎక్కువగా కనిపించింది ఆ రోజుల్లోనే.

అప్పుతో సంబంధం లేకుండా రైతు తానుగా బీమా చేయించుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2005-06లో 100 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా ఒక పథకం పెట్టి, ప్రీమియంలో సగం భరించింది. 2014-15 నుంచి అది జాతీయ పశుసంపద మిషన్‌లో భాగమైంది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం నిబంధనలు సడలించి రైతు వాటాను ప్రీమియంలో నూటికి 15కు తగ్గించింది. మిగిలిన 85లో కేంద్రం 60 వంతులు, రాష్ట్రం 40 వంతులు భరించాలి. రాష్ట్రం తన వాటా ఇచ్చి, బీమా కంపెనీని ఎంపిక చేసినప్పుడే ఊళ్లో ఈ పాలసీ దొరుకుతుంది. కనుక ప్రస్తుతం అమలులో ఉన్నదీ లేనిదీ పశువుల ఆసుపత్రిలో అడిగి తెలుసుకోవాలి.

లెక్క ఇలా ఉంటుంది. గేదె విలువ 60,000 రూపాయలు, ప్రీమియం సాలుకు నూటికి 4 అనుకుంటే మొత్తం 2,400 అవుతుంది. అందులో రైతు కట్టవలసింది 360 రూపాయలు. అదే సబ్సిడీ లేని పాలసీ అయితే 2,400 మొత్తం రైతే కట్టుకోవాలి.

విలువ కట్టేటప్పుడే జాగ్రత్త

పశువు విలువను రైతు, పశువైద్యుడు, బీమా ప్రతినిధి కలిసి నిర్ణయిస్తారు. ఈత ఎన్నోది, పూటకు పాలు ఎన్ని, వయసు ఎంత అన్నవి చూస్తారు. సాధారణంగా పాడి ఆవుకు 2 నుంచి 10 ఏళ్లు, పాడి గేదెకు 3 నుంచి 12 ఏళ్ల వయసు వరకే బీమా చేస్తారు. ప్రీమియం తగ్గుతుందని విలువ తక్కువ రాయించుకుంటే, చనిపోయినప్పుడు వచ్చేదీ తక్కువే. పాలసీ కాగితం చేతికి రాగానే అందులో రాసిన చెవిపోగు నంబరు, రంగు, కొమ్ముల తీరు తన గేదెవేనా అని రైతు సరిచూసుకోవాలి. ఒక్క అంకె తప్పు పడినా వెంటనే దిద్దించుకోవాలి. గేదె చనిపోయాక దిద్దరు.

చనిపోయిన రోజు చేయవలసినవి

మొదటిది, కబురు. గేదె చనిపోయిన వెంటనే, 24 గంటలు దాటకుండా బీమా కంపెనీకి తెలియజేయాలి. ఫోనులో చెప్పినా సరే, దానితో పాటు రాతపూర్వకంగానూ పంపడం మేలు. ఫోను చేసిన వేళ, మాట్లాడినవారి పేరు రాసి ఉంచుకోవాలి. అప్పు ఉంటే బ్యాంకుకు సైతం చెప్పాలి.

రెండవది, పశువైద్యుడు. పోస్టుమార్టం చేసి మరణ ధ్రువపత్రం ఇవ్వవలసింది అర్హతగల పశువైద్యుడే. ఊళ్లో సూదులు వేసే మనిషి రాసిచ్చిన కాగితం చెల్లదు. ఆదివారమనో పండుగనో ఆగితే ఎండకు కళేబరం ఉబ్బి, మరణకారణం తేల్చడం కష్టమవుతుంది.

మూడవది, ఫొటోలు. చెవిపోగు నంబరు చదవడానికి వీలుగా ఒకటి, పశువు మొత్తం కనిపించేలా రెండు పక్కల నుంచి రెండు, రైతు పక్కన నిలబడి ఉండగా ఒకటి తీయాలి. ఈ రోజుల్లో ప్రతి ఇంటా ఫోను ఉంది కనుక ఇది పెద్ద పని కాదు.

నాలుగవది, కళేబరం. పశువైద్యుడు చూసేదాకా పూడ్చరాదు, తోలు తీసేవారికి అప్పగించరాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. వాసన వస్తుందని, ఇరుగుపొరుగు ఒప్పుకోరని తెల్లవారేసరికి ఊరి బయటికి లాగించేస్తారు. దానితో పాటు సాక్ష్యమూ పోతుంది.

ఆ తరువాత క్లెయిము ఫారం, పాలసీ, పోస్టుమార్టం నివేదిక, చెవిపోగు జతచేసి కంపెనీకి ఇవ్వాలి. ఇచ్చిన ప్రతి కాగితానికి నకలు ఉంచుకుని, తీసుకున్నట్టు సంతకం, తేదీ రాయించుకోవాలి.

చెవిపోగే సాక్షి

'పోగు లేనిదే పైకం లేదు' అన్నది పశుబీమాలో పాత షరతు. ఒక గేదె మీద పాలసీ తీసుకుని ఇంకొక గేదె చనిపోతే సొమ్ము అడగకుండా పెట్టిన కట్టడి ఇది. ప్రస్తుతం పశువుల చెవులకు పన్నెండు అంకెల పసుపుపచ్చ పోగులు వేస్తున్నారు. కంపకు తగులుకునో, కట్టుగుంజకు రుద్దుకునో పోగు ఊడిపోవడం సహజం. ఊడిన రోజే కంపెనీకి తెలిపి, కొత్త పోగు వేయించి, కొత్త నంబరు పాలసీలో ఎక్కించుకోవాలి. గేదె బతికి ఉండగా ఇది చిన్న పని. చనిపోయాక 'నిన్నటిదాకా ఉంది' అంటే వినేవారుండరు.

గేదెను అమ్మినప్పుడు పాలసీ దానంతట అది కొన్నవారికి మారదు. కంపెనీకి రాసి పేరు మార్పించుకోవాలి. సంతలో కొన్న గేదెకు పోగు ఉంది కదా అని బీమా ఉన్నట్టు కాదు.

దొమ్మ అనుమానం ఉంటే కోయరాదు

పోస్టుమార్టం తప్పనిసరి అన్న నియమానికి ఒక మినహాయింపు ఉంది. పశువు హఠాత్తుగా చనిపోయి, ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారితే అది దొమ్మ వ్యాధి కావచ్చు. అటువంటి కళేబరాన్ని కోయరాదు. కోస్తే గాలి తగిలి రోగక్రిములు విత్తనాలవంటి రూపం దాల్చి ఏళ్ల తరబడి మట్టిలో బతుకుతాయి. మనుషులకూ ఆ రోగం సోకుతుంది. పశువైద్యుడు రక్తపు చుక్క గాజుపలక మీద తీసి పరీక్షకు పంపి, దాని ఆధారంగా ధ్రువపత్రం ఇస్తారు. కళేబరాన్ని సున్నం వేసి లోతుగా పూడ్చాలి.

సొమ్ము రాని సందర్భాలు

పాలసీ మొదలైన 15 రోజుల లోపు జబ్బు చేసి చనిపోతే సాధారణంగా సొమ్ము రాదు. అంతకుముందే ఉన్న జబ్బు, సరైన వైద్యం చేయించకపోవడం, కావాలని చేసిన గాయం, దొంగతనం బీమా కిందికి రావు. గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు వంటి రోగాలకు టీకా వేయించినట్టు దాఖలా లేకపోతే కంపెనీలు అభ్యంతరం చెబుతాయి. టీకా వేసిన రోజు పశువైద్య సిబ్బందిచేత పుస్తకంలో రాయించుకోవడం ఇందుకే. పాముకాటు, పిడుగు, కరెంటు షాకు ప్రమాదాల కిందికి వస్తాయి. కరెంటు షాకుతో చనిపోతే విద్యుత్తు శాఖకు, పోలీసులకు ఫిర్యాదు చేసి నకలు తీసుకోవాలి.

అప్పు మీద కొన్న గేదె అయితే బీమా సొమ్ము ముందు బ్యాంకుకు పోతుంది. బాకీ పోను మిగిలితే రైతుకు జమ చేస్తారు.

పట్నాల్లో పెంపుడు కుక్కలకూ ఇప్పుడు బీమా ఉంది. అక్కడా పద్ధతి దాదాపు ఇదే. టీకాల కార్డు, గుర్తింపు ఫొటోలు, వైద్యుని ధ్రువపత్రం లేకుండా కంపెనీ సొమ్ము ఇవ్వదు.

కంపెనీ కాదంటే

క్లెయిము తోసిపుచ్చితే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజులు జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాది లోపు అర్జీ పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ కార్యాలయం పరిధిలోనివే. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల నంబరు 155255. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు.

బీమా లేనివారికి తుపాను, వరదల్లో పశువులు పోతే విపత్తు సహాయనిధి నుంచి కొంత అందుతుంది. 2022లో కేంద్రం ఖరారు చేసిన ప్రమాణాల ప్రకారం అది పాడి ఆవుకు లేదా గేదెకు 37,500, దుక్కిటెద్దుకు 32,000, గొర్రెకు లేదా మేకకు 4,000 రూపాయలు. ఇందుకు సైతం పశువైద్యుని, రెవెన్యూ సిబ్బంది ధ్రువీకరణ కావాలి. మామూలు రోజుల్లో జబ్బు చేసి చనిపోతే ఈ సాయం వర్తించదు.

పశువుకు జబ్బు చేసినప్పుడే 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. వైద్యం చేయించిన చీటీలు పారేయకుండా పాలసీతో కలిపి ఉంచుకోవాలి. ఈ సాయంత్రం పాలు పితికేటప్పుడు గేదె చెవి ఒకసారి చూసి, పోగు నంబరూ, పాలసీ గడువు తేదీ ఇంటి గోడ మీది క్యాలెండరులో రాసిపెట్టుకోవడం పాడి రైతులందరికీ మేలు.