నిప్పురవ్వల పక్కన నల్లబల్ల

అండమాన్‌లో వెల్డింగ్ పనికి కొదవ లేదు, నేర్చుకుందామనుకునే తెలుగు కుర్రాళ్లకూ కొదవ లేదు. తలుపు దాటి లోపలికి వెళ్లాకే లెక్కలు ఎదురవుతున్నాయి

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురంగా మారింది. మిడిల్ పాయింట్ పేరు మాత్రం అలాగే ఉంది. దుకాణాలు, ప్రభుత్వ కార్యాలయాలతో సందడిగా ఉండే ఈ పేట నుంచి కాస్త కిందికి దిగితే ఫీనిక్స్ బే వస్తుంది. దీవుల మధ్య తిరిగే ఓడలు ఆగే జెట్టీ, వాటిని బాగుచేసే డాక్‌యార్డ్ అక్కడే. ఉప్పుగాలి ఏడాది పొడవునా వీస్తుంది. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. ఇనుము అన్నది ఇక్కడ తుప్పు పట్టడానికే పుట్టినట్టుంటుంది. ఓడ అడుగు రేకు, జెట్టీ కమ్మీ, ఇంటి కప్పు కింది యాంగిల్, వాకిటి గేటు అన్నీ ఎప్పుడో ఒకప్పుడు వెల్డర్ చేతికి రావలసినవే. అటువైపు నౌకాదళానికీ సొంత మరమ్మతు యార్డ్, తేలియాడే డాక్‌లు ఉన్నాయి.

ఈ ఊళ్లో తెలుగు కొత్త కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లోని 3.8 లక్షల మందిలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవారు 13 శాతానికి పైనే. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం మనదే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలే ఎక్కువ. జంగ్లీఘాట్ చేపల రేవులో నిలబడితే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. వీళ్ల పిల్లలు చాలామంది ప్రభుత్వ బడుల్లో, కొందరు తెలుగు మాధ్యమంలో చదువుకున్నారు. వేట మీద మునుపటి భరోసా లేదు. చేతిపని ఒకటి నేర్చుకుంటే ఓడలు బాగుచేసే చోటో, విశాఖలోనో, గల్ఫ్‌లోనో నిలదొక్కుకోవచ్చన్నది ఆశ.

ఆ ఆశకు దారి పేరు వెల్డర్ ట్రేడ్. ఐటీఐలో ఏడాది కోర్సు. ఎనిమిదో తరగతి పాసైతే సరిపోతుంది. అంటే కాగితం మీద గణితం ఎవరినీ ఆపడం లేదు. చిక్కంతా తర్వాతే. వెల్డింగ్ అంటే రవ్వలు, నల్లద్దాలు, చెయ్యి కుదరడం అనుకుని వచ్చిన కుర్రాడికి మొదటి వారంలోనే కోణాలు, దశాంశాలు, చుట్టుకొలతలు ఎదురవుతాయి. బడిలో తాను వదిలించుకున్నాననుకున్నవన్నీ షెడ్డులో తనకన్నా ముందే వచ్చి కూర్చున్నట్టుంటుంది.

ఒక పైపు సంగతే చూడండి. బజార్లో 6 అంగుళాల పైపు అంటారు. 6 అంగుళాలంటే 152.4 మిల్లీమీటర్లు. దాన్ని 3.1416తో గుణిస్తే చుట్టుకొలత సుమారు 479 మిల్లీమీటర్లు. లెక్క తప్పేమీ లేదు. కానీ ఆ కొలతకు కాగితం కత్తిరించి పైపుకు చుడితే రెండు కొసలూ కలవవు, మధ్యలో 5 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. కారణం, 6 అంగుళాలన్నది ఆ పైపుకు వాడుకలో పెట్టిన పేరే తప్ప దాని బయటి కొలత కాదు. బయటి వ్యాసం 168.3 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 529. సూత్రం అప్పజెప్పిన పిల్లవాడు ఇక్కడ తప్పుతాడు. సూత్రం తెలియకపోయినా పైపుకు దారం చుట్టి కొలిచినవాడు నెగ్గుతాడు. అయితే ఆ రెండోవాడు కూడా తర్వాతి మెట్టు దగ్గర ఆగిపోతాడు. పైపును 90 డిగ్రీలు తిప్పడానికి మూడు ముక్కలు అతకాలంటే రెండు అతుకులు పడతాయి, ఒక్కో అతుకు దగ్గర పైపు 45 డిగ్రీలు మలుపు తిరగాలి, కలిసే రెండు కొసలనూ చెరిసగంగా 22.5 డిగ్రీల వాలుకు కొయ్యాలి. ఆ వాలును గుండ్రటి పైపు మీద గీయాలంటే చుట్టుకొలతను 12 లేదా 16 సమభాగాలు చేసి, ఒక్కో గీత మీద ఒక్కో ఎత్తు గుర్తుపెట్టి, చుక్కలన్నీ కలపాలి. విప్పి చూస్తే కాగితం మీద మిగిలేది సైన్ వక్రం. ఇంటర్ పుస్తకంలో దాన్ని చూసి బెదిరినవాళ్లలో ఎంతమంది దాన్ని కత్తెరతో కత్తిరించి ఉంటారు?

రెండో లెక్క డబ్బుకు సంబంధించింది. రెండు రేకులు మూలమట్టంగా కలిసే చోట పెట్టే అతుకును ఫిల్లెట్ అంటారు. 6 మిల్లీమీటర్ల కాలు చాలని డ్రాయింగ్ చెబుతుంది. ఎందుకైనా మంచిదని 8 పెట్టేవాళ్లు ప్రతి షెడ్డులోనూ ఉంటారు. చూడ్డానికి 2 మిల్లీమీటర్లే ఎక్కువ. కానీ అతుకు అడ్డుకోత త్రిభుజం కాబట్టి వైశాల్యం 18 చదరపు మిల్లీమీటర్ల నుంచి 32కు పోతుంది. అంటే లోహం 78 శాతం ఎక్కువ ఖర్చవుతుంది. బలాన్ని నిర్ణయించే గొంతు మందం, అంటే కాలు కొలతను 0.707తో గుణిస్తే వచ్చేది, 4.24 నుంచి 5.66కు పెరుగుతుంది. అది 33 శాతమే. పైగా అంత వేడికి రేకు వంకర తిరుగుతుంది. రాడ్లు, గ్యాస్ సిలిండర్లు సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రావలసిన ఊళ్లో ఇది చిన్న దుబారా కాదు. వర్గాలు, త్రిభుజ వైశాల్యం ఎందుకు నేర్చుకోవాలి అని అడిగే పిల్లవాడికి ఇంతకన్నా సూటి జవాబు దొరకదు.

రాడ్డు మీద అచ్చువేసిన అంకెల్లోనూ లెక్కే ఉంది. ఈ-7018లో మొదటి 70 అంటే అతుకు లోహం చదరపు అంగుళానికి కనీసం 70 వేల పౌండ్ల లాగుడును తట్టుకుంటుందని. 1 అంటే పైన, కింద, నిలువుగా ఎటు పట్టినా వాడవచ్చని. చివరి 18 అంటే పూత తక్కువ హైడ్రోజన్ రకమని. పొట్లం విప్పి ఈ దీవుల గాలిలో వదిలేస్తే ఆ పూత తేమ పీలుస్తుంది. తేమలోని హైడ్రోజన్ అతుకులోకి చేరితే మరునాటికి పగులు రావచ్చు. అందుకే తడిసిన రాడ్లను సుమారు 300 నుంచి 350 డిగ్రీల వేడిలో మళ్లీ ఆరబెట్టాలి. వోల్టులు, ఆంపియర్లు, చెయ్యి కదిలే వేగం కలిపి మిల్లీమీటరుకు ఎంత వేడి పడుతోందో లెక్కగట్టడం దీనికి తర్వాతి పాఠం. 24 వోల్టులు, 120 ఆంపియర్లు, నిమిషానికి 150 మిల్లీమీటర్ల వేగమైతే మిల్లీమీటరుకు 1.15 కిలోజౌల్‌లు పడతాయి. అదే చెయ్యి 100కు నెమ్మదిస్తే 1.73. చెయ్యి తిరిగిన వెల్డర్ దీన్ని చప్పుడును బట్టే పోల్చుకుంటాడు. కానీ తనిఖీ అధికారి చప్పుడు విని సంతకం పెట్టడు.

వ్యాసం అంటే ఏ వ్యాసం?

తెలుగు పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది, దీన్ని ఎవరూ లెక్కలో వేయడం లేదు. తెలుగు మాధ్యమంలో చదివినవాడికి వ్యాసార్థం, చుట్టుకొలత, లంబకోణం తెలుసు. (వ్యాసం అన్న మాటకు మన భాషలో రాసేదనీ, వృత్తాన్ని కొలిచేదనీ రెండు అర్థాలున్నాయి. రెండింటికీ భయపడే విద్యార్థులు ఎటూ ఉంటారు.) దీవుల్లో బడి దాటాక మాట హిందీ, కాగితం ఇంగ్లిష్. వ్యాసార్థం కాస్తా హిందీలో త్రిజ్య అవుతుంది, డ్రాయింగ్ మీదికి వచ్చేసరికి ఆర్ అనే ఒక్క అక్షరం అవుతుంది. తెలిసిన విషయమే తెలియని ముఖంతో ఎదురైతే కుర్రాడు అడగడానికి సిగ్గుపడి ఊరుకుంటాడు. మాస్టారు వీడికి లెక్కలు రావనుకుంటారు. కొన్నాళ్లకు వాడూ అదే నమ్ముతాడు. ఇది గణితంలో వైఫల్యం కాదు, అనువాదంలో జరిగిన నష్టం.

అమెరికాలో ఏం చేశారు

ఇలాంటి వాళ్ల కోసం పుట్టిందే కమ్యూనిటీ కళాశాల. అమెరికాకు వెళ్లే తెలుగువారికి పెద్ద విశ్వవిద్యాలయాల పేర్లన్నీ కంఠస్థమే గానీ, 1901లో ఇల్లినాయ్‌లోని జోలియట్‌లో మొదలై నేడు వెయ్యికి పైగా ఉన్న ఈ రెండేళ్ల కళాశాలల గురించి పట్టించుకున్నవారు తక్కువ. చుట్టుపక్కల ఉండేవాళ్లే విద్యార్థులు, చుట్టుపక్కల దొరికే పనే పాఠం. ఒకే ప్రాంగణంలో ఒక గదిలో బీజగణితం, మరో షెడ్డులో వెల్డింగ్.

అక్కడా చిక్కు గణితంతోనే వచ్చింది. చేరినవాళ్లకు ప్రవేశ పరీక్ష పెట్టి, తక్కువ మార్కులొస్తే ముందు పునాది గణితం పూర్తిచేసి రమ్మనేవారు. కొలంబియా విశ్వవిద్యాలయంలోని కమ్యూనిటీ కళాశాలల పరిశోధన కేంద్రం 2010 ప్రాంతంలో లెక్కతీస్తే, అలా పంపినవాళ్లలో ఆ గణిత మెట్లన్నీ ఎక్కినవాళ్లు మూడోవంతే. మిగతావాళ్లలో చాలామంది అసలు కోర్సు ముఖం చూడకుండానే ఇంటికి పోయారు. కాలిఫోర్నియా 2017లో చట్టమే చేసి ఈ పద్ధతికి చాలావరకు కళ్లెం వేసింది.

వాషింగ్టన్ రాష్ట్రం ఇంకో దారి తొక్కింది. 2004లో ఐ-బెస్ట్ పేరుతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఆ పద్ధతిలో ఒకే తరగతిలో ఇద్దరు ఉపాధ్యాయులుంటారు. ఒకరు చేతిపని నేర్పితే, ఇంకొకరు ఆ పనికి కావలసిన లెక్కలు, భాష అక్కడికక్కడే చెబుతారు. ఈ రెండోవారు కనీసం సగం సమయమైనా తరగతిలో ఉండాలి. ఇలా చదివినవాళ్లు మామూలు దారిలో వెళ్లినవాళ్లకన్నా ఎక్కువగా సర్టిఫికెట్ దాకా చేరారని అదే కేంద్రం అధ్యయనాల్లో తేలింది. ఖర్చు? ఎక్కువే. అందుకే ఆ రాష్ట్రం ఒక్కో విద్యార్థిని 1.75 మందిగా లెక్కగట్టి నిధులిచ్చింది. మంచి పద్ధతి చౌకగా వస్తుందని అక్కడ ఎవరూ నటించలేదు.

మన దేశంలో ఈ ఆలోచన 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం కమ్యూనిటీ కళాశాలతో, 1996లో మద్రాసులో మొదలైంది. 2009లో ఇగ్నో ఊరూరా అనుబంధ కేంద్రాలు తెరవబోయి కొన్నేళ్లకే చేతులెత్తేసింది. 2013లో యూజీసీ పథకం తెచ్చింది. దాని మార్గదర్శకాలు బోధనలో దాదాపు 60 శాతం నైపుణ్యానికి, 40 శాతం సాధారణ విద్యకు కేటాయించాయి. కాగితం మీద చక్కగానే ఉంది. ఆ 40 శాతం వేరే గదిలో, వేరే అధ్యాపకుడి చేత, వేరే పుస్తకంతో సాగితే మాత్రం పాత కథే. ఐటీఐల్లో వర్క్‌షాప్ క్యాలిక్యులేషన్ అనే పాఠ్యాంశం దశాబ్దాలుగా ఉన్నదే. కొరత పాఠ్యాంశానిది కాదు, అది షెడ్డుకు దూరంగా ఉండటంతోనే వచ్చింది.

దీవుల్లో ఇందుకు కావలసినవి విడివిడిగా ఉన్నాయి. డాలీగంజ్‌లో ఐటీఐ ఉంది. పహర్‌గావ్‌లో పాలిటెక్నిక్‌గా మొదలై ఇప్పుడు ఇంజనీరింగ్ డిగ్రీ కూడా ఇస్తున్న అంబేద్కర్ సాంకేతిక సంస్థ ఉంది. 1967 నాటి జవహర్‌లాల్ నెహ్రూ ప్రభుత్వ కళాశాలలో గణితం చెప్పేవారున్నారు. పని ఫీనిక్స్ బేలో ఉంది. పగలు కూలికో, రేవుకో వెళ్లే కుర్రాడు సాయంత్రం నడిచి రాగలిగిన చోటు మిడిల్ పాయింట్. ఇక్కడో సాయంకాలపు కోర్సు, ఐటీఐ నుంచి ఒక బోధకుడు, కళాశాల నుంచి ఒక గణిత అధ్యాపకుడు అన్నది గొంతెమ్మ కోరిక కాదు. రెండు విభాగాల మధ్య జీతం ఎవరు ఇవ్వాలన్న ఫైలు తిరగడమే కష్టం.

సర్టిఫికెట్‌కు విలువ ఉంటుందా అన్న అనుమానం న్యాయమైనదే. కానీ ఓడల పనిలో అసలు విలువ చేతి పరీక్షది. పైపును 45 డిగ్రీల వాలున కదలకుండా బిగించి చుట్టూ అతకమనే 6జీ పరీక్ష నెగ్గినవాడికి విశాఖ హిందూస్తాన్ షిప్‌యార్డ్ అయినా, గల్ఫ్ కంపెనీ అయినా ఒకటే. అతికిన ముక్కను కోసి పట్టీలు తీసి 180 డిగ్రీలు వంచుతారు. 3 మిల్లీమీటర్లు మించిన పగులు కనబడితే ఇంటికే. ముక్కకు హిందీ రాదు, తెలుగు రాదు. పరీక్షకు ముందు చేతిలో పెట్టే పద్ధతి పత్రంలో మాత్రం వోల్టులు, ఆంపియర్లు, నిమిషానికి మిల్లీమీటర్లు అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి.

మొదటిరోజుకు కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు. షెడ్డులో ఒక నల్లబల్ల, తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మాటలు పక్కపక్కనే రాసిన ఓ చార్టు, 6 అంగుళాల పైపు ముక్క, టేపు, కత్తెర, చుట్టడానికి సిమెంటు సంచి కాగితం.