మీ ఫోన్‌లో ఏఆర్ పనిచేస్తుందా? మర్రిపాడులో రెండు ఫోన్లతో చూశాం

తెలుగువాళ్ల ఏఆర్ కంపెనీ అంటే నాకు ముందు గుర్తొచ్చేది హైదరాబాద్‌లోని ఇమాజినేట్. హేమంత్ సత్యనారాయణ గారు 2011లో స్టార్ట్ చేశారు. ఆపిల్ ఏఆర్‌కిట్, గూగుల్ ఏఆర్‌కోర్ వచ్చింది 2017లో. అంటే వీళ్లు చాలా ముందే దిగారు. మొదట కొత్త డ్రెస్ మన ఒంటి మీద ఎలా ఉంటుందో తెర మీద చూపించే టెక్నాలజీ చేశారు. తర్వాత న్యూస్పేస్. వేరే వేరే ఊళ్లలో ఉన్నవాళ్లు ఒకే త్రీడీ మెషీన్ చుట్టూ చేరి ట్రైనింగ్ తీసుకోవచ్చు. అంటే కస్టమర్లు కంపెనీలే, మనలాంటి వాళ్లు కాదు.

ఎందుకలా? నాకు తోచిన కారణం మొన్న మర్రిపాడు వెళ్లినప్పుడు కళ్లముందే కనిపించింది.

మా ఉదయగిరి చెక్క స్పూన్లు తెలుసు కదా, ఆన్‌లైన్‌లో ఫొటో చూస్తే సైజు అర్థం కాదు. అదే స్పూన్ మీ కంచం పక్కన అసలు సైజులో కనిపిస్తే? త్రీడీ మోడల్ చేసి నా ఫోన్‌లో పెట్టా. హాల్లో నున్నటి తెల్ల టైల్స్ మీద స్పూన్ జారిపోతూనే ఉంది. వరండాలో కడప బండల మీద మాత్రం కదల్లేదు. కెమెరా నేల మీద గుర్తులు, అంచులు వెతుక్కుంటుంది, ఫోన్ ఎటు కదిలిందో సెన్సర్లు చెప్తాయి. ఈ రెండూ కలిస్తేనే వస్తువు ఒకచోట నిలబడుతుంది. గుర్తులే లేని టైల్ మీద దేన్ని పట్టుకుంటుంది పాపం!

తర్వాత మా బాబాయి కొడుకు ఫోన్. అసలు ఓపెనే కాలేదు. తక్కువ రేటు ఫోన్లలో కొన్నిటికి గైరోస్కోపే ఉండదు. పైగా కెమెరా, సెన్సర్లు, ప్రాసెసర్ చూసి గూగుల్ ఒక్కో మోడల్‌కీ విడిగా ఓకే చెప్పాలి. కొనేముందు ఏఆర్‌కోర్ సపోర్ట్ లిస్టులో మీ మోడల్ ఉందో లేదో చూసుకోండి. 5జీ ఉంది కదా అని ఏఆర్ కూడా ఉంటుందనుకోవద్దు.

కంపెనీకి అమ్మితే ఏ డివైస్ వాడాలో ముందే తేల్చుకోవచ్చు. ఊళ్లో వాళ్లకి అమ్మితే వాళ్ల చేతిలో ఏ ఫోన్ ఉంటే దాంట్లోనే ఆడాలి. అందుకే నేను యాప్ ఆపేసి గూగుల్ మోడల్ వ్యూయర్‌తో వెబ్ పేజీ చేశా. ఏఆర్ ఉన్న ఫోన్‌లో స్పూన్ కంచం పక్కకొస్తుంది, లేని ఫోన్‌లో వేలితో తిప్పి చూడొచ్చు. మావాడు రెండు నిమిషాలు తిప్పి, "బాగానే ఉందిగానీ, సైజు ఇంకా తెలీలేదన్నా" అన్నాడు.

ఇప్పుడు స్పూన్ పక్కన ఒక రూపాయి బిళ్ల మోడల్ కూడా పెడుతున్నా.