దిగుమతి రెడ్ వైన్: ధరలో నాణ్యత వాటా ఎంత?

పంట ఉత్పత్తి తాను పుట్టిన దేశం దాటినప్పుడు దాని ధర పెరగడం సహజం. పెరిగిన ధరకు తగినంతగా నాణ్యత కూడా పెరిగిందా అన్నది వేరే ప్రశ్న. ఈ ప్రశ్నను పరిశీలించడానికి రెడ్ వైన్ అత్యంత అనువైన ఉదాహరణ. ఫ్రాన్స్‌లో సామాన్యులు భోజనంతో పాటు సేవించే వైన్ మన దేశంలో విలాస వస్తువుగా అమ్ముడవుతోంది. ఒకే ద్రాక్ష రకం నుండి తయారైన రెండు సీసాల ధరల మధ్య పది రెట్లు, ఇరవై రెట్లు తేడా ఉండటం కూడా సాధారణమే. వినియోగదారుని నాలుకకు అందే తేడా కూడా అంతే ఉంటుందా? మద్యపానాన్ని ప్రోత్సహించడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. ఎంత స్వల్ప పరిమాణంలోనైనా మద్యం ఆరోగ్యానికి సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. ఒక వ్యవసాయోత్పత్తి ధరను విడదీసి చూసే పద్ధతిని విద్యార్థులకు, విస్తరణ శాస్త్రవేత్తలకు పరిచయం చేయడమే ఇక్కడి ప్రయత్నం. ఈ పద్ధతి మన వరంగల్ చపాట మిరపకు ఎట్లా వర్తిస్తుందో చివర వివరించడమైనది.

ధర నిర్మాణం

మన దేశంలో దిగుమతి వైన్‌పై సాధారణ సుంకం 150 శాతం. 2021 కేంద్ర బడ్జెట్ నుండి ఇందులో 50 శాతం మూల కస్టమ్స్ సుంకంగాను, 100 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సుగాను విధిస్తున్నారు. మద్యం జి.ఎస్.టి. పరిధిలో లేదు. కనుక దీనిపై రాష్ట్రాల ఎక్సైజ్ సుంకం, విలువ ఆధారిత పన్ను అదనం.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. తయారీ కేంద్రం వద్ద సీసా ధర రూ. 500, ఓడ రవాణాకు, బీమాకు రూ. 100 అనుకుంటే మన రేవులో దాని విలువ రూ. 600. దానిపై 150 శాతం సుంకం రూ. 900. రేవు దాటేసరికి సీసా ఖరీదు రూ. 1,500 అవుతుంది. రాష్ట్ర పన్నులు, దిగుమతిదారు, చిల్లర వర్తకుల లాభాలు కలిపి ఇంకొక రూ. 1,500 చేరితే దుకాణంలో ధర రూ. 3,000. ఇందులో తయారీదారునికి చేరేది ఆరింట ఒక వంతు మాత్రమే. సుంకాన్ని రవాణా ఖర్చుతో సహా మొత్తం విలువపై లెక్కిస్తారు కాబట్టి రవాణాకు వెచ్చించిన ప్రతి రూపాయి కూడా రేవు దాటేసరికి రెండున్నర రూపాయలవుతుంది.

సుంకానికి, నాణ్యతకు సంబంధం లేదనడానికి భారత-ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం మంచి నిదర్శనం. 2022 డిసెంబరు 29న అది అమలులోకి రావడంతోనే కనీసం 5 డాలర్ల దిగుమతి విలువ గల ఆస్ట్రేలియా వైన్‌పై సుంకం 100 శాతానికి, 15 డాలర్లు, ఆపై విలువ గల వాటిపై 75 శాతానికి తగ్గింది. ఆనాడు సీసాలోని ద్రవంలో ఏ మార్పూ రాలేదు. మారినది కాగితం మీది అంకె. అందువలన దిగుమతి వైన్‌ను నాసిక్ వైన్‌తో పోల్చేటప్పుడు దుకాణం ధరను కాక, తయారీ కేంద్రం వద్ద ధరనే ప్రాతిపదికగా తీసుకోవలసి ఉంటుంది.

క్షేత్రంలో పుట్టే ఖర్చు

తయారీ కేంద్రం వద్ద కూడా ఒక సీసా మరొక సీసా కంటే ఖరీదైనదిగా ఉండటానికి న్యాయమైన కారణాలు ఉన్నాయి. రెడ్ వైన్‌కు రంగునిచ్చే ఆంథోసయనిన్లు, వగరునిచ్చే టానిన్లు ప్రధానంగా ద్రాక్ష తొక్కలోను, గింజలోను ఉంటాయి. గింజకట్టు చిన్నదై, పండు చిన్నదైతే గుజ్జుతో పోల్చినప్పుడు తొక్క నిష్పత్తి పెరుగుతుంది. ఇందుకోసం దిగుబడిని తగ్గించుకోవలసి వస్తుంది. మన దేశంలో తినే ద్రాక్ష సగటు దిగుబడి హెక్టారుకు 20 టన్నులకు పైమాటే. బోర్డో ప్రాంతంలో హెక్టారుకు ఎంత వైన్ తీయవచ్చో నిబంధనలే పరిమితి విధిస్తాయి. హెక్టారుకు 5,000 లీటర్లు అనుకుంటే అది సుమారు ఆరున్నర టన్నుల ద్రాక్షకు సమానం.

ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. 5,000 లీటర్లు అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు దాదాపు 6,670. హెక్టారు సాగుకు ఏటా 20,000 యూరోలు వెచ్చించారని ఉదారంగా ఊహించినా సీసాకు పడేది 3 యూరోలు. బోర్డోలో వాడే ఓక్ పీపా సామర్థ్యం 225 లీటర్లు, అనగా 300 సీసాలు. కొత్త పీపా 900 యూరోలైతే సీసాకు మరో 3 యూరోలు. సీసా, బిరడా, వేతనాలు, నిల్వ కాలపు వడ్డీ అన్నీ కలిపినా నాణ్యత కోసం పెట్టే నిజమైన ఖర్చుకు ఒక హద్దు ఉన్నట్లు తెలుస్తుంది. సీసా ధర వందల యూరోలకు చేరినప్పుడు హద్దు దాటిన భాగం భూమి విలువకు, కొరతకు, పేరుకు చెల్లించే మూల్యం. బోర్డో ఉత్తమ తోటలకు 1855లో ఇచ్చిన శ్రేణులు నేటికీ దాదాపు మార్పు లేకుండా ధరలను నిర్దేశిస్తున్నాయి.

అయితే ధర అంతా పేరే అనుకోవడం కూడా సరికాదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్ బోర్డో వైన్ల వేలం ధరలను వాతావరణంతో జోడించి పరిశీలించారు. శీతాకాలంలో తగినంత వర్షం, పెరుగుదల కాలంలో అధిక ఉష్ణోగ్రత, కోతకు ముందు ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో పొడి వాతావరణం ఉన్న సంవత్సరాల వైన్లు పరిపక్వమైన తరువాత ఎక్కువ ధర పలికినట్లు ఆయన నిరూపించారు. ఒకే తోట, ఒకే నేల, ఒకే రకం అయినా సంవత్సరం మారితే ధర మారుతోంది. అనగా ధరలో క్షేత్ర సత్యం కొంత దాగి ఉంది. వ్యవసాయ శాస్త్ర విద్యార్థికి ఇది సుపరిచితమైన సంగతే.

గుడ్డి పరీక్షల సాక్ష్యం

వంగడాల ప్రయోగాలలో మనం మళ్ళకు పేర్లు కాక సంకేత సంఖ్యలు ఇస్తాము. పరిశీలకుని అభిమానం ఫలితంపై పడకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. వైన్ విషయంలో ఈ పద్ధతి ప్రసిద్ధమైనది 1976 మే 24న ప్యారిస్‌లో జరిగిన పోటీతో. ఫ్రెంచి న్యాయనిర్ణేతలు పేర్లు తెలియకుండా రుచి చూసి, రెడ్ వైన్లలో కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973 వైన్‌కు ప్రథమ స్థానం ఇచ్చారు. బోర్డోకు చెందిన ప్రఖ్యాత షాతో మూతోన్ రోత్‌షీల్డ్ 1970 ద్వితీయ స్థానంలో నిలిచింది.

2008లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో గోల్డ్‌స్టీన్, సహ పరిశోధకులు ఆరు వేలకు పైగా గుడ్డి రుచి నమోదులను విశ్లేషించారు. ధర తెలియనప్పుడు సాధారణ వినియోగదారులు ఖరీదైన వైన్‌ను ఎక్కువగా ఇష్టపడలేదు; పైగా స్వల్పంగా తక్కువ మార్కులు వేశారు. శిక్షణ పొందినవారిలో మాత్రం ధరకు, ఇష్టానికి కొంత అనుకూల సంబంధం కనిపించింది. అదే సంవత్సరం కాలిఫోర్నియాలో ప్లాస్‌మన్, సహచరులు ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదిగాను, మరొకసారి 90 డాలర్లదిగాను చెప్పి ఇచ్చారు. అధిక ధర చెప్పినప్పుడు రుచి బాగున్నదని చెప్పడమే కాక, మెదడులో ఆనందానుభూతికి సంబంధించిన భాగం కూడా ఎక్కువగా స్పందించింది. ధర చీటీ కూడా రుచిలో ఒక పదార్థమే అయినది.

ప్రయాణంలో కోల్పోయేది

వైన్ నిల్వకు 12 నుండి 15 డిగ్రీల సెల్సియస్ అనువైనది. మే నెలలో వరంగల్‌లో పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటుతుంది. శీతల సదుపాయం లేని గోదాములో, లారీలో కొన్ని వారాలు గడిపిన సీసాలో పండ్ల పరిమళం క్షీణించి, ఆక్సీకరణ వేగవంతమవుతుంది. తయారీ స్థలంలో ఉన్న నాణ్యతకు మూల్యం చెల్లించి, మిగిలిన నాణ్యతను మాత్రమే పొందవలసి వస్తుంది. పైగా మార్కెట్‌లోని వైన్లలో అత్యధిక భాగం కొద్ది సంవత్సరాలలోనే వాడటానికి తయారైనవి. పాతబడిన కొద్దీ మేలన్న నమ్మకం వాటికి వర్తించదు.

నిర్ణయించే పద్ధతి

దిగుమతి వైన్ అధిక ధరకు తగినదా అన్న ప్రశ్నకు మూడు దశలలో సమాధానం వెదకవచ్చు. మొదట ధర నుండి సుంకం, పన్నులు, రవాణా, వర్తక లాభాలు తీసివేసి తయారీ కేంద్రం వద్ద ధరను అంచనా వేయాలి. రెండవది, ఆ సరుకు ప్రయాణంలో చెడకుండా చేరిందా అని విచారించాలి. మూడవది, ధర తెలియకుండా పోల్చి చూడాలి. ఇందుకు త్రికోణ పరీక్ష సులభమైనది. మూడు గ్లాసులలో రెండింట ఒకే నమూనా, ఒకదానిలో వేరొకటి ఉంచి, భిన్నమైనదానిని గుర్తించమని అడగాలి. 30 మంది పాల్గొంటే కేవలం అదృష్టం వల్లనే సుమారు 10 మంది సరిగా చెప్పగలరు. కనీసం 15 మంది సరిగా గుర్తిస్తేనే 5 శాతం ప్రాముఖ్య స్థాయిలో తేడా ఉన్నట్లు భావించాలి. తేడాయే గుర్తించలేనప్పుడు అదనపు ధర నాణ్యతకు కాదు, పేరుకు. తేడా ఉన్నదని తేలితే ఏది మేలన్నది వేరొక పరీక్షలో తేల్చుకోవాలి.

ఈ కొలబద్దతో చూస్తే సాధారణ శ్రేణి దిగుమతి రెడ్ వైన్ మన దేశంలో దాని ధరకు తగినదని చెప్పడం కష్టం. ఆ శ్రేణిలో నాణ్యత వాటా అతి స్వల్పం, పన్నుల వాటా అధికం. అదే ద్రాక్ష రకాల నుండి నాసిక్‌లోను, కర్ణాటకలోను తయారయ్యే వైన్‌కు కస్టమ్స్ భారం లేదు. మధ్య శ్రేణిలో, తక్కువ దిగుబడి, పీపా నిల్వ వంటి నిజమైన ఖర్చు ఉన్నచోట, రుచి తెలిసినవారికి తేడా దొరకవచ్చు. అత్యున్నత శ్రేణి ధర మాత్రం ప్రధానంగా పేరు విపణి.

చపాట మిరపకు పాఠం

ఇప్పుడు ఈ ప్రశ్ననే తిరగవేసి చూడాలి. వరంగల్ చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. తిమ్మంపేట మిరప రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ పేరిట వచ్చిన ఈ గుర్తింపు వెనుక మల్యాల ఉద్యాన పరిశోధన స్థానం కృషి ఉంది. టమాటను పోలిన కాయ, ముదురు ఎరుపు, తక్కువ ఘాటు దీని లక్షణాలు. దూరదేశపు కొనుగోలుదారునికి మన మిరప కూడా ఒక దిగుమతి సరుకే. రవాణా, సుంకం, వర్తక లాభం చేరి అక్కడ దాని ధర పెరుగుతుంది. అప్పుడు అతడు కూడా అడుగుతాడు: ఈ ఎరుపు ఇంత ధరకు తగినదా?

బోర్డో పేరు కొన్ని శతాబ్దాల పెట్టుబడి. మన పేరుకు వయస్సు చాలదు. కనుక మన సమాధానం అంకెలలో ఉండాలి. భౌగోళిక గుర్తింపు సరుకు పుట్టుకకు హామీ ఇస్తుంది. ప్రతి బస్తా నాణ్యతకు హామీ రైతు, శాస్త్రవేత్త కలిసి ఇవ్వవలసినదే. ప్రతి లాటుకు ఆస్టా రంగు విలువ, స్కోవిల్ ఘాటు విలువ నమోదు చేయించాలి. యూరోపియన్ యూనియన్ మిరపలో అఫ్లటాక్సిన్ బి1ను కిలోకు 5 మైక్రోగ్రాములకు, మొత్తం అఫ్లటాక్సిన్లను 10 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. కాబట్టి కళ్ళంలో నేలపై కాక టార్పాలిన్లపై ఆరబెట్టడం, తేమ తగ్గిన తరువాతనే బస్తాలకెత్తడం ధరకు నేరుగా సంబంధించిన పనులు. వేడికి, వెలుతురుకు మిరప రంగు తరుగుతుంది. శీతల గిడ్డంగి ఇక్కడ తప్పనిసరి. ఇతర రకాలతో చపాటను సంకేత సంఖ్యలతో పోల్చే పరీక్షలు విద్యార్థుల పరిశోధనాంశాలు కాదగినవి.

పరదేశంలో పలికే అధిక ధరలో రైతుకు హక్కుగా చెందేది నాణ్యత వాటా మాత్రమే. ఆ వాటాను కొలిచి, కాగితంపై పెట్టి, రైతు చేతికి అందించగలిగితే ఏనుమాముల మార్కెట్ యార్డులో బేరం ఆడేటప్పుడు అతని మాటకు బలం చేకూరుతుంది. విస్తరణ విభాగం ఈ సీజను నుండే లాటువారీ రంగు పరీక్షలతో ఈ పనిని ఆరంభించడం సమంజసం.