సైలెన్సర్ పీకితే పోయేదేమిటి?

భీమవరం నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఉత్తరం రాశాడు. బుల్లెట్‌కి కంపెనీ సైలెన్సర్ తీయించి, బయట కొన్నది బిగించాడట. అదీ చాల్లేదు. దాని లోపలున్న చిల్లుల గొట్టాన్ని కూడా పీకించాలని ఉందట. ‘శబ్దంతో పాటు బండి బలమూ పెరుగుతుంది’ అంటాడు మెకానిక్. ‘బ్యాక్ ప్రెషర్ లేకపోతే పికప్ పోతుంది’ అంటారు నాన్నగారు. ఎవరి మాట నిజం?

ఇద్దరిదీ కాదు. నాన్నగారు గమనించింది నిజమే, చెప్పిన కారణమే తప్పు. ఆ తప్పు కారణం మన షెడ్లలో ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, ముందు దాన్ని పీకాలి. గొట్టం సంగతి తర్వాత చూద్దాం.

నాలుగు స్ట్రోకుల ఇంజన్ గురించి బడిలో చదివిందే: పీల్చడం, నొక్కడం, పేలడం, వదలడం. మన శబ్దమంతా మూడోది ముగుస్తూ నాలుగోది మొదలయ్యే చోట పుడుతుంది. పిస్టన్ ఇంకా అడుక్కి చేరకముందే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఉంటే ఆ క్షణాన సిలిండర్‌లో పీడనం బయటి గాలికి నాలుగైదు రెట్లు. అదంతా ఒక్కసారిగా బెండ్ పైపులోకి దూకుతుంది. పొగ కన్నా ముందు పరుగెత్తేది పీడన తరంగం. బయటి గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లయితే, 500 డిగ్రీల పొగలో దాదాపు 550.

బుల్లెట్ ఐడ్లింగ్‌లో ఇంజన్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతోందనుకుందాం. రెండు చుట్లకొక పేలుడు కాబట్టి సెకనుకు ఎనిమిది దెబ్బలు. మన చెవి సెకనుకు ఇరవై దాటితే గాని దెబ్బల్ని కలిపి స్వరంగా వినదు. అందుకే ఆ డుగ్ డుగ్ విడివిడిగా వినిపిస్తుంది. అదే 3000 చుట్ల దగ్గర సెకనుకు పాతిక దెబ్బలై, మూలుగులాంటి స్వరమవుతుంది. ఇలాంటి లయ మీద హక్కు అడిగినవాళ్లు కూడా ఉన్నారు. హార్లీ డేవిడ్‌సన్ తన రెండు సిలిండర్ల ఇంజన్ శబ్దానికి 1994లో ట్రేడ్‌మార్క్ కోరింది. పోటీ కంపెనీలు అడ్డం తిరిగాయి. 2000లో దరఖాస్తు వెనక్కి తీసుకుంది. ఒకే క్రాంక్‌పిన్ మీద, 45 డిగ్రీల ఎడంగా రెండు సిలిండర్లు పెడితే పేలుళ్లు 315, 405 డిగ్రీల తేడాతో కుంటుతూ వస్తాయి. అది జ్యామితి. జ్యామితికి యజమాని ఎవరు?

ఇక నాకు ఇష్టమైన భాగానికి వస్తాను. గొట్టం చివర తెరిచే ఉంది. అక్కడికి చేరిన పీడన తరంగం ఏమవుతుంది? బయటికి పోతుంది, మనం వింటాం అనుకుంటారు అందరూ. నిజానికి అందులో పెద్ద వాటా వెనక్కి తిరుగుతుంది. ఏమీ లేని చోట దేనికి తగిలి తిరుగుతుంది? తిరుమలలో కంపార్ట్‌మెంట్ గేటు తీసినప్పటి క్యూ తలచుకోండి. ముందువాళ్లు ఒక్క ఉదుటున బయటపడతారు. వాళ్ల వెనక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి తర్వాతి వరుస కదులుతుంది, దాని వెనక మళ్లీ ఖాళీ. జనం ముందుకే నడుస్తారు గాని, ఖాళీ మాత్రం క్యూ తోక దాకా వెనక్కి ప్రయాణిస్తుంది. పైపు కొసన జరిగేదీ అదే. ఒత్తిడిగా వెళ్లిన తరంగం పీల్పుగా మారి వాల్వు వైపు తిరిగివస్తుంది. కొస మూసి ఉంటే ఒత్తిడి ఒత్తిడిగానే తిరిగొస్తుంది. తెరిచి ఉంటే గుర్తు మారుతుంది. గొట్టం హఠాత్తుగా వెడల్పయినా సరే, తెరిచినట్టే లెక్క. అంటే బెండ్ పైపు సైలెన్సర్ డబ్బాలో కలిసేచోటే మొదటి అద్దం ఉంది.

ఆ తిరిగొచ్చిన పీల్పు ఎప్పుడొచ్చిందన్నదే అసలు విషయం. పొగ వదలడం ముగుస్తూ, కొత్త పెట్రోలు గాలి లోపలికి రావడం మొదలయ్యే వేళ రెండు వాల్వులూ కాసేపు కలిసి తెరిచి ఉంటాయి. సరిగ్గా అప్పుడు పీల్పు వస్తే మిగిలిన పొగను లాగేస్తుంది, వెంట కొత్త మిశ్రమాన్నీ రప్పిస్తుంది. పీల్పుకు బదులు ఒత్తిడి వస్తే పొగ వెనక్కి తోసుకొస్తుంది.

కాగితం మీద లెక్క వేద్దాం. మీటరు పొడవున్న గొట్టంలో తరంగం వెళ్లి రావడానికి మూడున్నర మిల్లీ సెకన్లు దాటుతుంది. 4000 చుట్ల దగ్గర ఎగ్జాస్ట్ తెరిచినప్పటి నుంచి రెండు వాల్వులూ కలిసే వేళకు సుమారు పది మిల్లీ సెకన్లు. ఈలోపు తరంగం దాదాపు మూడుసార్లు వెళ్లివస్తుంది. ప్రతిసారీ గుర్తు మారుతుంది: పీల్పు, ఒత్తిడి, పీల్పు. మేలే. అదే గొట్టం, అదే ఇంజన్, చుట్లు 3000 కిందికి దిగాయనుకోండి, వ్యవధి పెరిగి నాలుగో రాక పడుతుంది. అది ఒత్తిడి. అక్కడ బండి డల్ అవుతుంది. నిజం ఇంజన్‌లో వాల్వు కొస పూర్తిగా మూసిన గోడలా ఉండదు, పొగ వేడీ మారుతూ ఉంటుంది కాబట్టి అంకెలు అటూ ఇటూ జరుగుతాయి. అయినా కథ ఇదే. ప్రతి గొట్టం కొన్ని చుట్ల దగ్గర స్నేహితుడు, మరికొన్ని చోట్ల శత్రువు.

సైలెన్సర్ మార్చాక పికప్ తగ్గిందని నాన్నగారు అంటే నమ్మాల్సిందే. అద్దాలు చోటు మారాయి. పాత కార్బురేటర్ బండి అయితే గాలి పెరిగి, పెట్రోలు పాలు చాలకపోవడమూ ఉంటుంది. కాని ‘బ్యాక్ ప్రెషర్ ఉండాలి’ అన్న మాటకు ఆధారం లేదు. అది పొగను తోయడానికి పిస్టన్ పడే శ్రమ. ఎంత తక్కువైతే అంత మంచిది. మరి ఈ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది? నా అనుమానం టూ స్ట్రోక్ బండ్ల మీద. అక్కడ నిజంగానే వెనక్కొచ్చే ఒత్తిడి కావాలి. కాకపోతే ఎప్పుడూ కాదు, ఒక్క క్షణం.

ఈ టూ స్ట్రోక్ బండ్లలో ఎగ్జాస్ట్ వాల్వు ఉండదు. పొగ పోయే రంధ్రం ఇంకా తెరిచే ఉండగా కొత్త మిశ్రమం లోపలికొస్తుంది. కొంత నేరుగా బయటికీ జారిపోతుంది. తూర్పు జర్మనీ, చోపావ్‌లోని ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఈ జారుడును గొట్టం ఆకారంతోనే ఆపాడు. గొట్టాన్ని మొదట గరాటులా విప్పారనిచ్చాడు. అక్కణ్ణుంచి పీల్పు తిరిగొచ్చి పొగను లాగుతుంది. తర్వాత ఎదురు గరాటులా ముడిచాడు. అక్కణ్ణుంచి ఒత్తిడి తిరిగొచ్చి, జారిపోయిన మిశ్రమాన్ని రంధ్రం మూసుకునేలోపు మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. ఇలాంటి గొట్టం మొదట వాడింది అతనే కాదు గాని, దాన్ని లెక్కకు లొంగదీసింది అతనే. 1961 నాటికి 125 సీసీ ఇంజన్ నుంచి 25 హార్స్‌పవర్ తీశాడు. లీటరుకు 200! ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ముందున్న అతని రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్, స్వీడన్ రేసులో ఇంజన్ చెడిపోగానే పశ్చిమానికి పారిపోయాడు. భార్యాపిల్లల్ని అప్పటికే కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించారు. రహస్యం సుజుకీకి చేరింది. 1962లో సుజుకీ 50 సీసీ టైటిల్ గెలిచింది, గెలిపించింది డెగ్నరే. టూ స్ట్రోక్ ఆర్‌ఎక్స్ 100 సైలెన్సర్‌ను కోయించి అరిపించేవాళ్లకి ఈ కథ చెప్పాలనిపిస్తుంది. ఒక దేశం నుంచి మనిషి దొంగిలించి తెచ్చిన విద్యను రంపంతో కోస్తున్నారు.

ఇక సైలెన్సర్ డబ్బా. 1897లోనే అమెరికాలో రీవ్స్ సోదరులు మఫ్లర్‌కి పేటెంటు తీసుకున్నారు. తర్వాత చాలా ఏళ్లపాటు కార్లలో దాన్ని తప్పించే మీట కూడా పెట్టారు, ఎత్తెక్కేటప్పుడు బలం వస్తుందని. లోపల ఏం జరుగుతుందో గణితంగా తేల్చింది మాత్రం 1954లో అమెరికా ఏరోనాటిక్స్ సంస్థ నాకా వేసిన నివేదిక. ఆ పనిని మన బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎం.ఎల్. ముంజాల్ ఎంతో ముందుకు తీసుకుపోయారు. ఈ అంశంపై 1987లో ఆయన రాసిన పుస్తకాన్ని ప్రపంచమంతటా ఇంజనీర్లు చదువుతారు.

పైపు కన్నా మూడింతల వ్యాసం, 25 సెంటీమీటర్ల పొడవు ఉన్న ఖాళీ గది తీసుకోండి. 500 హెర్ట్జ్ శబ్దాన్ని అది 13 డెసిబెల్స్, అంటే ఇరవయ్యో వంతుకు తగ్గిస్తుంది. 500 డిగ్రీల పొగలో సుమారు 1100 హెర్ట్జ్ దగ్గర మాత్రం ఆ గది ఉన్నా లేనట్టే. శబ్దం తిన్నగా దాటిపోతుంది. 2200 దగ్గరా, 3300 దగ్గరా ఇదే వరస. ఇప్పుడు చూడండి చమత్కారం. లోపలికొచ్చే గొట్టాన్ని గది పొడవులో సగం దాకా, బయటికెళ్లేదాన్ని పావు దాకా లోపలికి చొప్పిస్తే మొదటి మూడు దొంగదారులూ మూసుకుపోతాయి! షెడ్‌లో ‘ఎందుకో పెట్టాడు వేస్టు గొట్టం’ అని కోసి పారేసే ముక్క అదే.

ఉత్తరం రాసిన మిత్రమా, మీరు బయట కొన్నదాంట్లో పద్ధతి వేరు. చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ వూల్. శబ్దం చిల్లుల్లోంచి దూదిలోకి దూరి, రాపిడితో వేడిగా మారుతుంది. పైస్థాయి శబ్దాలకే ఇది పనిచేస్తుంది. పాతిక హెర్ట్జ్ తరంగం పొడవు ఆ వేడి పొగలో ఇరవై మీటర్లకు పైనే, దానికి రెండంగుళాల దూది కనపడనైనా కనపడదు. కాబట్టి బుల్లెట్ గుండె దెబ్బ మీకు ముందే ఉంది. గొట్టం పీకితే కొత్తగా వచ్చేది వందల, వేల హెర్ట్జ్‌ల గరగర. మన చెవి అక్కడే చురుకు కనుక ‘సౌండ్ అదిరింది’ అనిపిస్తుంది. ఖాళీ డబ్బా తన దొంగదారుల దగ్గర రేకులా మోగుతుంది కూడా. ఇక నడుస్తున్న బండి స్విచ్ ఆపి వేసి టపాసులు పేల్చడం ఇంకో విద్య. కార్బురేటర్ బండిలో కాలని పెట్రోలు వేడి సైలెన్సర్‌లో చేరి, అక్కడ అంటుకుంటుంది.

బలం మాటకొస్తే, వీధిలో నడిపే చుట్ల దగ్గర చెప్పుకోదగ్గ లాభమేమీ ఉండదు. ‘శబ్దముంటే ఎదుటివాడు జాగ్రత్తపడతాడు’ అనేవాళ్లూ ఉన్నారు. పైపు వెనక్కి తిరిగి ఉంటుంది, లారీ ఎదురుగా వస్తుంది. చట్టం సంగతి కూడా చెబుతున్నా: 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనానికి, ఏడున్నర మీటర్ల దూరంలో కొలిస్తే, 80 డెసిబెల్స్ పరిమితి. మోటారు వాహనాల చట్టం 190(2) కింద పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్సు రద్దు. 2020 తర్వాతి బీఎస్ 6 బండ్లలో పొగను శుభ్రం చేసే కన్వర్టరు కూడా ఆ దారిలోనే ఉంటుంది. దాన్నీ పీకేసి, చెక్ ఇంజన్ లైటు ఎందుకు వెలిగిందని షోరూముకెళ్లి గొడవపడతారు.

నా కోపం అమ్మేవాళ్ల మీదా ఉంది. గోల్డ్‌స్టార్ అనీ, ఇందోరీ అనీ పేర్లు పెట్టి, మెరుపు చూపించి అమ్ముతారు. ఏ పౌనఃపున్యం దగ్గర ఎన్ని డెసిబెల్స్ తగ్గుతుందో చెప్పే చిన్న గ్రాఫు ఒక్క అట్టపెట్టె మీదా ఇంతవరకు నాకు కనబడలేదు.