గుర్రం సముద్రంలో, తోట మన ఇంట్లో

బదిలీ మీద సూరత్ వచ్చి వడోద్‌లో కాపురం పెట్టాక, పిల్లల పట్టుదల వల్ల మా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం మొదలైంది. వాళ్ల కోరిక మాత్రం సముద్రపు గుర్రం. గుర్రం తల, కోతిలాంటి తోక, పిల్లల్ని తండ్రే సంచిలో మోసి కనే వింత. ఏ పిల్లలకైనా ముచ్చట వేస్తుంది. మా తొట్టి సంగతి విన్న సహోద్యోగులు కూడా ముందు అడిగేది "గుర్రం ఎక్కడ దొరుకుతుంది?" అనే. నా జవాబు ఒకటే. గుర్రాన్ని కొనకూడదు. కానీ అది బతికే నాచుతోటను మాత్రం ఇంట్లో చక్కగా పెంచుకోవచ్చు.

చట్టం సంగతి ముందు

సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరం. జైలు శిక్ష కూడా ఉంటుంది. 2022లో చట్టాన్ని సవరించాక కూడా ఈ రక్షణ కొనసాగుతోంది. "ఇవి ఫారంలో పుట్టినవి సార్, ఏమీ కాదు" అని దుకాణదారు చెప్పే మాట మనల్ని కాపాడదు. బ్యాంకు ఉద్యోగి ఇంట్లో ఇలాంటి కేసు నమోదైతే ఆ మచ్చ ఉద్యోగానికీ అంటుకుంటుంది. పగడాలకు కూడా 2001 నుంచే ఇదే రక్షణ ఉంది. నాచును ఒక్కోసారి రాయితో కలిపి అమ్ముతారు. ఆ రాయి పగడం అయితే మనం చిక్కుల్లో పడ్డట్టే. అందుకే రాయి లేని విడి నాచునే అడగండి.

నాచు ఎందుకు?

సముద్రపు గుర్రానికి ఈత అంతంత మాత్రం. ప్రవాహం కొట్టుకుపోకుండా తోకను గడ్డికో నాచుకో చుట్టి నిలబడుతుంది. దానికి కడుపు అనే అవయవమే లేదు. తిన్నది త్వరగా సాగిపోతుంది కాబట్టి చిన్న చిన్న రొయ్యజాతి జీవుల్ని రోజంతా పీల్చుకుంటూ ఉండాలి. ఆ జీవులు దాగేదీ నాచులోనే. అంటే నాచే దానికి ఇల్లు, వంటిల్లు కూడా.

తొట్టికి కూడా నాచు మేలు చేస్తుంది. చేపల వ్యర్థాల నుంచి పుట్టే నైట్రేటు, ఫాస్ఫేటులను పీల్చుకుని పెరుగుతుంది. పెరిగినదాన్ని కత్తిరించి బయట పడేసినప్పుడే ఆ పద్దు ముగుస్తుంది. తొట్టిలోనే కుళ్లనిస్తే పీల్చుకున్నదంతా మళ్లీ నీళ్లలోకే జమవుతుంది.

ఏది కొనాలి?

సముద్రపు గడ్డి వేరు, సముద్రపు నాచు వేరు. గడ్డికి వేళ్లు, పూలు ఉంటాయి. లోతైన ఇసుక, బలమైన వెలుతురు కావాలి. ఇంటి తొట్టిలో నిలవడం కష్టం. కొత్తవాళ్లు నాచుతోనే మొదలుపెట్టాలి.

కీటోమార్ఫా: చిక్కుపడ్డ ఆకుపచ్చ నైలాన్ దారపు ఉండలా ఉంటుంది. అంటుకోదు, పాకదు. తీసి కత్తిరించడం తేలిక. మొదటి నాచు ఇదే కావాలి.

గ్రాసిలేరియా: కొమ్మలు కొమ్మలుగా, చాలావరకు ఎర్రటి రంగులో ఉంటుంది. మన ఇళ్లలో పుడ్డింగుకు వాడే చైనా గ్రాస్ ఇలాంటి నాచుల నుంచే తీస్తారు. గుర్రం తోకకు అనువైన కొమ్మ ఇది.

హాలిమెడా: చిన్న నాగజెముడు మొక్కలా బిళ్లలు బిళ్లలుగా పెరుగుతుంది. నీటిలోని కాల్షియం తీసుకుని గట్టిపడుతుంది. నిదానంగా ఎదుగుతుంది.

కాలెర్పా: గరికలా పాకుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఎంత పెద్దదైనా మొక్క మొత్తం ఒకే కణం! ఒక్కోసారి రాత్రికి రాత్రే తెల్లబడి, లోపలిదంతా నీళ్లలోకి వదిలేస్తుంది. అప్పుడు నీరు పాలలా మారి చేపలకు ఊపిరాడదు. అనుభవం వచ్చేదాకా దీని జోలికి పోవద్దు.

నాచుకూ కేవైసీ

ఖాతా తెరిచేటప్పుడు వివరాలు అడిగినట్టే నాచు కొనేటప్పుడూ అడగాలి. పేరేమిటి? పెంచినదా, సముద్రం నుంచి తెచ్చినదా? ఎన్ని రోజుల కిందట వచ్చింది? బిల్లు మీద పేరు రాయించుకోండి. జామ్‌నగర్ దగ్గర కచ్ సింధుశాఖలో ఉన్న సముద్ర జాతీయ పార్కు లాంటి రక్షిత ప్రాంతాల నుంచి ఏరి తెచ్చిన సరుకు వద్దు.

తర్వాత చేత్తో చూడండి. కొమ్మ గట్టిగా ఉండాలి. కొసలు తెల్లబడినా, జిగటగా ఉన్నా, కుళ్లు వాసన వచ్చినా వదిలేయండి. ఆన్‌లైన్‌లో తెప్పించేవారు ఎండాకాలం మానుకోవడం మంచిది. మొదట గుప్పెడు చాలు, అదే పెరుగుతుంది.

ఇంటికి తెచ్చాక

డుమస్ తీరం నీరు బురదగా ఉంటుంది కాబట్టి సముద్రపు నీరు తెచ్చే ఆలోచన వద్దు. ఆర్‌ఓ నీటిలో అక్వేరియం ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు కలిపితే సరి. 75 లీటర్ల తొట్టికి దాదాపు 2.6 కిలోలు పడుతుంది. వంట ఉప్పు పనికిరాదు. నీరు ఆవిరైనా ఉప్పు మిగిలే ఉంటుంది కనుక తగ్గినంత మేరా మామూలు ఆర్‌ఓ నీరే పోయాలి. ఇది సూరత్ ఎండల్లో దాదాపు రోజూ చేసే పనే.

కొత్త నాచును కుళాయి నీటితో కడగవద్దు. ఉప్పునీటిలో జాడించి, వేరే బకెట్‌లో వెలుతురు పెట్టి రెండు వారాలు ఉంచండి. దాగి వచ్చిన పురుగులు, కుట్టే చిన్న జీవులు అప్పుడు బయటపడతాయి. ఆ తర్వాత తొట్టిలో వేసి, రోజుకు 8 నుంచి 10 గంటల దీపం టైమర్‌తో ఇవ్వండి. రాత్రి నాచు కూడా ప్రాణవాయువు తీసుకుంటుంది కాబట్టి గాలి పంపు ఆపవద్దు.

గుర్రం బదులు మా తోటలో నల్ల మాలీ చేపలు తిరుగుతున్నాయి. ఏ దుకాణంలోనైనా దొరికే ఈ మంచినీటి చేపలకు ఉప్పును కొద్దికొద్దిగా, ఓపికగా అలవాటు చేస్తే సముద్రపు నీటిలోనూ హాయిగా బతుకుతాయి. సన్నని పాచిని తినేసి తొట్టిని శుభ్రంగానూ ఉంచుతాయి.

పారేసేటప్పుడు జాగ్రత్త

కత్తిరించిన నాచును కాలువలోనో తాపీ నదిలోనో వేయవద్దు. 1984లో మొనాకో తీరాన చదరపు మీటరు పాటి కాలెర్పా టాక్సిఫోలియా కనిపించింది. తర్వాత అది మధ్యధరా సముద్రంలో వేల హెక్టార్లకు పాకింది. 2000లో అదే నాచు కాలిఫోర్నియాలో బయటపడింది. దాన్ని పూర్తిగా తొలగించామని ప్రకటించడానికి 2006 దాకా పట్టింది. మన మన్నార్ సింధుశాఖలోనూ, సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ నాచు కురుసడై దీవి పగడాలను కప్పేస్తోందని 2008లో శాస్త్రవేత్తలు నివేదించారు. కాబట్టి మిగిలిన నాచును ఎండలో బాగా ఎండబెట్టి చెత్తబుట్టలో వేయండి. తోటి అక్వేరియం మిత్రులు అడిగితే, పేరు చెప్పి మరీ ఇవ్వండి.

గుర్రం లేకపోతే తోట వెలితిగా ఉంటుందేమో అనుకునేవారికి ఒక మాట. దీపం వెలిగిన కాసేపటికి కొమ్మల మీద సన్నని గాలి బుడగలు ముత్యాల్లా లేస్తాయి. భూతద్దం పెట్టి చూస్తే ఆకుల మధ్య రవ్వంత జీవులు గంతులేస్తుంటాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడటానికి అది చాలు.