గ్యాస్కెట్ మార్చినా బుల్లెట్ ఆయిల్ లీక్ ఆగట్లేదా? ముందు బ్రీదర్ చూడండి

పాత బుల్లెట్ 350 నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే డౌట్ ఇది: "అన్నా, గ్యాస్కెట్లు మార్పించా, ఆయిల్ సీల్ మార్పించా, అయినా బండి కింద మరకలు ఆగట్లేదు. ఏం చేయాలి?" చాలామంది "బుల్లెట్ అంటే కారాల్సిందే" అని వదిలేస్తారు. అలా వదిలేయకండి. ఆ ఆయిల్ వెనక టైరు మీద పడిందంటే మలుపులో బండి జారిపోతుంది.

ఇంట్లో ప్రెషర్ కుక్కర్ గుర్తు తెచ్చుకోండి. విజిల్ రంధ్రంలో పప్పు అడ్డుపడితే ఆవిరి ఎక్కడి నుంచి వస్తుంది? గ్యాస్కెట్ సందుల్లోంచి బుస్సుమంటుంది. అప్పుడు ఎన్ని గ్యాస్కెట్లు కొన్నా లాభం లేదు, రంధ్రం శుభ్రం చేయాలి. ఇంజిన్‌లో ఆ రంధ్రం పని చేసేదే క్రాంక్‌కేస్ బ్రీదర్.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350లో పిస్టన్ వెడల్పు సుమారు 70 మి.మీ., అది పైకీ కిందికీ 90 మి.మీ. కదులుతుంది. అంటే 346 సీసీ. పైన ఆ 346 సీసీ గురించి అందరూ మాట్లాడతారు కానీ, పిస్టన్ కిందికి దిగినప్పుడు కింద క్రాంక్‌కేస్‌లో గాలికి కూడా సరిగ్గా అంతే చోటు తగ్గిపోతుంది. 3000 ఆర్‌పీఎమ్ దగ్గర ఇది సెకనుకి 50 సార్లు జరుగుతుంది. ఒకటే సిలిండర్ కాబట్టి, ఆ సమయంలో పైకి వెళ్లి బ్యాలెన్స్ చేసే ఇంకో పిస్టన్ కూడా లేదు.

దీనికి తోడు, రింగుల పక్క నుంచి మండిన గ్యాస్ కొంచెం కిందికి దిగుతుంది. దాన్నే బ్లో-బై అంటారు. కొత్త ఇంజిన్‌లో కూడా కాస్త ఉంటుంది.

పాత బుల్లెట్లలో బ్రీదర్‌కి బాతు ముక్కు లాంటి చిన్న రబ్బరు వాల్వ్ ఉంటుంది. పిస్టన్ దిగితే ముక్కు తెరుచుకుని గాలి బయటికి పోతుంది. పిస్టన్ పైకి వెళితే ముక్కు మూసుకుంటుంది, బయటి గాలి లోపలికి రాదు. ఇలా కొన్ని చుట్లు తిరిగేసరికి క్రాంక్‌కేస్‌లో సగటు ప్రెషర్ బయటి కంటే కాస్త తగ్గుతుంది. ఇక అక్కడి నుంచి బయటికి వచ్చేది దాదాపుగా బ్లో-బై మాత్రమే. లోపల ప్రెషర్ తక్కువ ఉంటే, సీల్ దగ్గర చిన్న సందు ఉన్నా ఆయిల్ బయటికి తోసుకురాదు.

ఆ రబ్బరు గట్టిపడి తెరుచుకునే ఉండిపోతే? గాలి వస్తూ పోతూ ఉంటుంది, వెళ్లేటప్పుడల్లా ఆయిల్ తుంపర్లని మోసుకెళ్తుంది. పూర్తిగా మూసుకుపోతే ఇంకా ప్రమాదం. ప్రెషర్ పెరిగి సీళ్లని, గ్యాస్కెట్లని తోస్తుంది. పైన రాకర్ల నుంచి పుష్‌రాడ్ దారిలో కిందికి జారాల్సిన ఆయిల్‌కి కూడా కింద నుంచి వచ్చే గాలి అడ్డం పడుతుంది. అందుకే "ఆయిల్ కారుతోంది" అని బ్రీదర్ పైపుకి బిరడా కొట్టే ఐడియా ఎవరిచ్చినా వినకండి.

మరి చెక్ చేయడం ఎలా? బండికి సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో, గాలి ఆడే చోట ఇంజిన్ వేడెక్కనివ్వండి. సైలెన్సర్‌కి దూరంగా ఉంటూ, బ్రీదర్ పైపు చివర వేలు తేలిగ్గా ఆనించండి. పూర్తిగా మూయొద్దు. బయటికి ఊదడం మాత్రమే తెలిస్తే వాల్వ్ ఓకే. ఊదడం, పీల్చడం రెండూ తెలిస్తే వాల్వ్ మూసుకోవట్లేదు. ఏమీ తెలియకపోతే పైపులో అడ్డు ఉందేమో చూడండి. రోజూ రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేసే బండిలో తేమ పూర్తిగా ఆరదు. అది ఆయిల్‌తో కలిసి చిక్కటి మజ్జిగలా తయారై పైపులో పేరుకోవచ్చు.

వాల్వ్ బాగుండి కూడా పొగ బలంగా కొడుతుంటే, అది బ్రీదర్ తప్పు కాదు. రింగులో, సిలిండరో అరిగాయేమో కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ఆయిల్ కూడా డిప్‌స్టిక్ గుర్తు దాటకుండా చూసుకోండి, ఎక్కువ పోసినా బ్రీదర్ నుంచే కక్కేస్తుంది.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, లీక్ అనేది ఎర్రర్ మెసేజ్ మాత్రమే, బగ్ వేరే చోట ఉండొచ్చు. కాబట్టి ఈసారి మెకానిక్ అన్న ఇంజిన్ విప్పుదామంటే, "అన్నా, ముందు బ్రీదర్ ఒకసారి చూద్దామా?" అని అడగండి. చిన్న రబ్బరు ముక్కతో పోయేదానికి ఇంజిన్ మొత్తం విప్పడం ఎందుకు? ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్తగా నడపండి.