మెడలో దాగిన ఉక్కు కడ్డీ

జాజ్ గిటారు చూడగానే కంటికి ఆనేది దాని బోలు పొట్ట, దాని మీద వయొలిన్‌కు ఉన్నట్టే ఉండే రెండు ‘ఎఫ్’ రంధ్రాలు. చేతిలోకి తీసుకున్నాక తీర్పు చెప్పేది మాత్రం ఎడమచెయ్యి. మెడ లావా, సన్నమా, గుండ్రమా, బల్లపరుపా అన్నది వాయించేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని తగువు.

ఒకప్పుడు అది అభిరుచికి సంబంధించిన విషయమే కాదు. లావుపాటి ఉక్కు తీగలు ఆరూ శ్రుతిలో ఉన్నప్పుడు మెడను దాదాపు 60, 70 కిలోల బరువుతో లాగుతాయి. ఏళ్ల తరబడి కర్ర ఆ లాగుడుకు ఓర్చుకోవాలి. కర్ర బిరుసు దాని మందం ఘనాన్ని బట్టి మారుతుంది. అంటే మందం పదోవంతు తగ్గిస్తే బిరుసు నాలుగోవంతుకు పైగా పోతుంది! అందుకే పాత మెడలు అంత దిట్టంగా ఉండేవి. చాలావాటి వీపు పడవ అడుగులా కోణం తేలి ‘వి’ ఆకారంలో ఉండేది. బొటనవేలిని పైనుంచి చుట్టి పట్టుకునేవాళ్లకు అది బాగానే కుదిరేది.

దీనికి విరుగుడు అమెరికాలోని కలమజూ పట్టణంలో దొరికింది. గిబ్సన్ కంపెనీలో పనిచేసే థాడియస్ మెక్‌హ్యూ మెడలో గాడి తొలిచి, ఫింగర్‌బోర్డు కింద ఒక ఉక్కు కడ్డీ దాచాడు. చివర ఉన్న నట్టు బిగిస్తే, తీగలు ముందుకు లాగే మెడను కడ్డీ వెనక్కి వంచుతుంది. 1921లో దరఖాస్తు పెడితే 1923లో పేటెంటు వచ్చింది. ఈలోగా 1922లో గిబ్సన్ ఎల్-5 గిటారును తెచ్చింది. జాజ్ గిటార్లకు అదే మూలపురుషుడు.

అయితే మెడలు రాత్రికి రాత్రే సన్నబడలేదు. 1920ల ఎల్-5లలో ఆ ‘వి’ ఛాయ ఇంకా కనిపిస్తుంది. వాయించే తీరు కూడా మారాల్సి వచ్చింది. 1937లో కౌంట్ బేసీ బృందంలో చేరిన ఫ్రెడ్డీ గ్రీన్‌కు తాళం నిలబెట్టే కార్డులే (ఒకేసారి మోగించే స్వరాల గుంపులే) ప్రాణం. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలోకి వచ్చిన చార్లీ క్రిస్టియన్ విద్యుత్ గిటారు మీద శాక్సోఫోన్‌లా ఒక్కో స్వరంగా పరుగులు తీశాడు. అలాంటి పరుగులకు చెయ్యి మెడ పొడవునా జారాలి.

1955లో గిబ్సన్ లావును వదిలి పొడవు మీద పడింది. గిటారు వాద్యకారులు బిల్లీ బర్డ్, హ్యాంక్ గార్లండ్‌ల కోసం చేసిన బర్డ్‌ల్యాండ్ గిటారులో తీగ పొడవు 23.5 అంగుళాలే. 25.5 అంగుళాల గిటారుతో పోలిస్తే మొదటి నాలుగు ఫ్రెట్ల (మెట్ల) మేర సుమారు ఒక సెంటీమీటరు కలిసొస్తుంది. నాలుగు వేళ్లూ చాచి కార్డు పట్టేవాడికి ఆ సెంటీమీటరు విలువ తెలుస్తుంది.

1965 ప్రాంతంలో చేసిన మార్పు మాత్రం అంత తెలివైనది కాదు. చాలా మోడళ్లలో తల దగ్గర మెడ వెడల్పును సుమారు 43 నుంచి 40 మిల్లీమీటర్లకు కుదించారు. తీగల మధ్య ఎడం అర మిల్లీమీటరుకు పైగా తగ్గి, ఒక తీగను నొక్కే వేలు పక్క తీగకు తగలసాగింది. ఆ కాలపు గిటార్లు కొనేవాళ్లు ఇప్పటికీ ముందు అడిగేది ఈ కొలతే.

లావు విషయంలో కొలతబద్ద ఒక్కటే చాలదు. 22 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు మెడల్లో ఒకటి ‘సి’లా గుండ్రంగా ఉంటే, రెండోదానికి ‘డి’లా పక్కలు నిండుగా ఉండవచ్చు. అంకె ఒకటే అయినా రెండోది పట్టుకుంటే లావనిపిస్తుంది. సన్నదైతే చేతికి హాయి అన్న నమ్మకమూ అందరికీ వర్తించదు. అరచేతికి ఆనుడు చాలక, బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టాల్సి వచ్చి, లావు మెడకే తిరిగి వెళ్లే వాద్యకారులు తక్కువేం కాదు.